మందలింప వచ్చినవారు: ‘బలగం’ చిత్రమును గూర్చి



మన కరీంనగర్, ఆదిలాబాదు సీమలలో చావు జరిగిన యింటికి పోవుటను ‘మందలింప పోవుట’ అందురు. “వాళ్లింట్ల పెద్దాయన పోయిండట, మందలిచ్చి వస్త” అని చెప్పి మన తల్లులు కొంగు భుజముమీద వేసికొని బయలుదేరుదురు. కోస్తా జిల్లాలనుండి వచ్చినవారు ఎవరైనను ఈ మాట వినినయెడల ఆశ్చర్యపడుదురు. ఏలయనగా అక్కడ మందలించుట యనగా తప్పు పట్టి కోపపడుట. బడిలో పంతులు అల్లరి పిల్లవానిని మందలించును. మన యొద్దనో మందలించుట యనగా పలకరించుట, మంచి చెడ్డలు అడుగుట. ఒకే మాట ఒక సీమలో ఆదరణ, మరియొక సీమలో గద్దింపు.

ఈ రెండు అర్థములును ఒకే యింటి ముంగిట కలిసికొన్నచో ఏమగునో చూపిన కథ యొకటి మన సీమనుండియే వచ్చినది. అది 2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ అను చలనచిత్రము. దానిని వ్రాసి తీసిన వేణు యెల్దండి సిరిసిల్లవాడు. అంతకుముందు ఆయనను మనము హాస్యగానిగానే యెరుగుదుము. చిత్రము సిరిసిల్ల ప్రాంతపు పల్లెలోనే తీసిరి. అందులోని మాట మన మాట, వాకిలి మన వాకిలి, తగవు కూడ మన తగవే.

సినిమాను గూర్చి ఇట్టి పత్రికలో వ్రాయుట ఏల యని పెద్దలు కొందరు అడుగవచ్చును. దానికి ఒక్కటే జవాబు. ఆ సంవత్సరము మన పల్లెలలో అనేకులు ఈ చిత్రమును పట్టణమునకు పోయి చూడలేదు. గ్రామ పంచాయతీ యెదుట తెర కట్టించి, చాపలు పరచుకొని, ముసలి ముతక పిల్లా జెల్లా కలిసి చూచిరి. చూచి ఏడ్చిరి. ఊరంతయు ఒక్కచోట కూర్చుండి ఏడ్చినదంటే, అది దేనికొరకు ఏడ్చెనో విచారించుట మంచిది.

కథ పెద్దది కాదు. కొమురయ్య యను ముసలివాడు ఊరిలో కనబడినవారినెల్ల పలకరించుచు తిరుగువాడు. ఆయన మనుమడు సాయిలు చేసిన వ్యాపారములన్నియు చెడి అప్పులపాలైనాడు. తనకు రాబోవు కట్నముతో ఆ అప్పు తీర్చుకొందునని లెక్కవేసికొనియున్నాడు. పెండ్లి ముచ్చట ముగియకముందే తాత చనిపోవును. అప్పుడు కొడుకులు ఐలయ్య, మొగిలి ఒక్క వాకిటికి వచ్చెదరు. ఇరువది యేండ్లుగా పుట్టింటి గడప త్రొక్కని కూతురు లక్ష్మి, ఆమె భర్త నారాయణ వచ్చెదరు. ఇరువది యేండ్ల యెడబాటునకు కారణమేమి? ఒక విందులో నల్లి బొక్క వడ్డించు దగ్గర బావకును బావమరదికిని నడుమ పుట్టిన చిన్న మాట. చదువుచున్న మీకు నవ్వు వచ్చునేమో. అయితే మన బంధువులలో మాటలు మానుకొన్న యిండ్లను లెక్కించి చూడుడి. ఒక చీర, ఒక పిలుపు మరచుట, గెట్టుమీది ఒక చెట్టు, అంతకంటె పెద్ద కారణము ఎన్నింటికి కలదు?

ఈ చిత్రములోని మొదటి మేలు ఏమనగా, దుఃఖమును అది ఒంటరివాని సంగతిగా చూపలేదు. చావు జరిగిన యింట మొదట పని చేయునది నోరు కాదు, చేయి. ఒకడు కట్టెలకు పోవును, ఒకడు దూరపు చుట్టములకు కబురు పంపును, ఒకడు పాడె కట్టుటకు వెదురు నరకును. ఆ యింట పొయ్యి వెలుగదు గనుక పొరుగువారు వండి తెచ్చెదరు. తినను అన్నవానిచేత రెండు ముద్దలు తినిపించి పోయెదరు. ఈ పనులను ఎవరికిని ఎవరును నేర్పరు. చిన్ననాట చూచి నేర్చుకొందురు. పట్టణములలో డబ్బిచ్చి చేయించుకొను పనులన్నియు మన పల్లెలలో ఇప్పటికిని చాలవరకు చేబదులుగా నడచుచున్నవి. నేడు నేను నీ యింటికి, రేపు నీవు నా యింటికి. ‘బలగం’ అను పేరునకు చుట్టపక్కములు అనియు, బలము అనియు మనము రెండు విధములుగా అర్థము చేసికొందుము. ఆ రెండును ఒక్కటే యని చిత్రము చెప్పకయే చూపినది.

రెండవ మేలు, చావు యింట నవ్వు కూడ ఉండునని అది దాచలేదు. శవము వాకిట నుండగా అరుగుమీద కూర్చున్నవారు పంటల సంగతి మాటలాడుదురు, మనుమడు తన అప్పును తలంచుకొని తల్లడిల్లును. దీనిని చూచి సిగ్గుపడనక్కరలేదు. మనుష్యుని దుఃఖము ఎప్పుడును ఒంటరిగా రాదు, ఆకలిని అప్పును వెంటబెట్టుకొని వచ్చును. ఏడ్చువాని దుఃఖము నిజము కాదని, వాని మనస్సులో వేరొక చింత కూడ కలదని నిందించువారు మన సంఘములలో లేకపోలేదు. అట్టివారు సాయిలును ఒక్కసారి ఓపికతో చూడవలెను. తాత చనిపోయినందుకు కాక తన పెండ్లి చెడినందుకు కుమిలిన ఆ చిన్నవాడే కడపట తాత కోరిక యేమో గ్రహించును.

ఇక మందలింపులోని రెండవ అర్థమునకు వచ్చెదము. మూడవ దినమున కొడుకులు విస్తరి పెట్టిరి, పిట్ట ముట్టలేదు. ముసలివానికి ఇష్టమైనవి పెట్టి వేడుకొన్నను కాకి దిగలేదు. అయిదవ దినమునను అంతే. అప్పుడు ఊరి పెద్దలు కూర్చుండి, చనిపోయినవాని మనస్సులోని కోరిక యేదో తెలిసికొనుడి, పదకొండవ దినమున కూడ పిట్ట ముట్టకపోయినయెడల మీ యింటిని వెలివేసెదము అని చెప్పిరి. నిన్న అన్నము తెచ్చి పెట్టిన చేతులే నేడు వేలు చూపుచున్నవి. పాడె మోసిన ఊరే తీర్పరి పీఠము ఎక్కినది.

ఇక్కడ నాకు యోబు స్నేహితులు జ్ఞాపకము వచ్చుచున్నారు. వారు మొదట వచ్చినప్పుడు ఏడు దినములు అతనితోకూడ నేలమీద కూర్చుండి ఒక్క మాటయైనను పలుకలేదు. ఆ ఏడు దినములు వారు మన సీమ అర్థములో మందలించినవారు. తరువాత నోరు తెరచి, నీ పాపమేదో చెప్పుమని అడుగ నారంభించిరి. అప్పటినుండి వారు పంతులు అర్థములో మందలించినవారైరి. వచ్చినవారు వారే, కూర్చున్న బూడిద అదే. మారినది వారి నోటి మాట యొక్కటియే. ‘బలగం’లోని ఊరును అట్టిదే.

చిత్రము ఈ వెలి మాటను తప్పుగా చూపినదా, ఒప్పుగా చూపినదా? ఈ ప్రశ్నకు అది సూటిగా జవాబు చెప్పలేదు. నా దృష్టికి దీనిలోని పెద్ద బలహీనత ఇదియే. పెద్దల బెదిరింపు లేనియెడల కథ ముందుకు నడవదు గనుక, ఆ బెదిరింపే కుటుంబమును కలిపినదని చూచువారు అనుకొను ప్రమాదము కలదు. వెలి యనునది మన పల్లెలలో కథలోని వస్తువు కాదు. దానివలన నీళ్లు, నిప్పు, మాట పోగొట్టుకొని నలిగిన కుటుంబములు నిజముగా ఉన్నవి. చావుతో సగము చచ్చిన యింటికి ఊరు పెట్టు గడువు ఎంత బరువైనదో చిత్రము ఇంకను కొంచెము నిలిచి చూపవలసినది.

అయితే కథను జాగ్రత్తగా చూచినయెడల వేరొక సంగతి కనబడును. బెదిరింపు చేసిన పని యెంత? అది వారిని భయపెట్టినది, వెదకునట్లు చేసినది. కాని మనస్సులను కరిగించినది అది కాదు. పదకొండవ దినమున వచ్చిన కథకులు పాటపాడి చనిపోయినవాని జీవితమును, అన్నదమ్ముల తోబుట్టువుల బంధమును వారి యెదుట విప్పి చెప్పిరి. ఆ పాటలో ఒక్క నింద లేదు, ఒక్క గడువు లేదు. విన్నవారు తమంతట తామే లేచి ఒకరినొకరు కౌగిలించుకొనిరి. ఆ తరువాతనే పిట్ట దిగినది. కాకి వచ్చి తినుటను మన సంఘములవారు నమ్మకపోవచ్చును. అయినను కథలో ఆ కాకి ఏ గురుతుగా నిలిచినదో గ్రహించుటకు ఆ నమ్మకము అక్కరలేదు. విస్తరిలో ఏమి పెట్టిననేమి, పెట్టినవారి నడుమ పగ యుండగా అది ముట్టబడదు. సహోదరునికి తనమీద విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినవాడు అర్పణను బలిపీఠము నొద్దనే విడిచి మొదట సమాధానపడవలెనని నేర్చుకొన్న మనకు ఈ మాట క్రొత్తది కాదు.

ఆ పాట పాడినవారిని గూర్చి కొంత చెప్పవలెను. వారు వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ. బుడిగ జంగాల కథకులు. ఊరూర తిరిగి కథలు చెప్పి, చావు దినములలో చనిపోయినవారిని గూర్చి పాడి, ఇచ్చినది తీసికొని పోవువారు. నటులు కారు, తమ వృత్తినే తెరమీద చేసిరి. చిత్రమంతటికిని ప్రాణము ఆ కడపటి పాటయే. ఊరివారు తమ దుఃఖమును తాము చెప్పుకొనలేరు, నోరు పెగలదు. పరాయివాడు వచ్చి దానికి మాటలు ఇచ్చును. మన పూర్వులు దీనిని ఒక వృత్తిగానే ఏర్పరచిరి. చిత్రమునకు పేరు వచ్చిన కొద్దికాలమునకే మొగిలయ్య మూత్రపిండముల వ్యాధితో మంచము పట్టెను. చూపు కూడ మందగించెను. ప్రభుత్వమును చిత్రరంగమువారును కొంత సహాయము చేసిరి. ఆయన 2024 డిసెంబరు 19న కన్నుమూసెను. ఇన్ని యిండ్లలో ఇతరుల చావులకు పాడిన కొమురమ్మ తన యింటి చావును ఎట్లు మోసెనో తలంచినప్పుడు, ఈ చిత్రము తెరమీద ముగియలేదని తోచును.

ఇక చిత్రము చూపనివాటిని గూర్చి. తప్పు పట్టుటకు కాదు, మన కర్తవ్యము అక్కడ నుండియే మొదలగును గనుక వ్రాయుచున్నాను.

మొదటిది డప్పు. చావు యనగానే డప్పు వినబడును. ఎవరు కొట్టుచున్నారు? ఎవరు బొంద త్రవ్వుచున్నారు? మన సంఘములలో అనేకుల తాతలు ఊరి చావులన్నిటికి డప్పు కొట్టినవారే, కబురు మోసినవారే. ఊరి దుఃఖములో వారికి పని కలదు, అరుగుమీద చోటు లేదు. వారి వాడలో చావు జరిగిన దినమున ఊరు వచ్చి పాడె పట్టెనా? ‘ఊరంతయు ఒక్క కుటుంబము’ అని తెరయెదుట కన్నీరు తుడుచుకొనువారు ఈ ప్రశ్నను తమ్ము తాము అడుగుకొనవలెను. చిత్రము దీనిని అడుగలేదు.

రెండవది కూతురు లక్ష్మి. నల్లి బొక్క తగవు ఆమె పెట్టినది కాదు. భర్తకును అన్నకును నడుమ పుట్టిన మాటకు ఇరువది యేండ్లు పుట్టింటిని, బ్రదికియున్న తండ్రిని పోగొట్టుకొన్నది ఆమె. ఆమె వచ్చి తండ్రి శవముమీద పడి యేడ్చు ఘట్టము చిత్రములోని సత్యమైన ఘట్టములలో ఒకటి. మగవారి రాజీతో ఆమె ఇరువది యేండ్లు తిరిగి రావు. చావు వచ్చినగాని కూతురిని పిలువని యిండ్లు మనలోను కలవు.

మూడవది, శవము లేని యేడ్పు. కొమురయ్య తన ఊరిలో, తనవారి నడుమ, నిండు వయస్సులో పోయెను. మన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలలో చావు ఎన్నిసార్లు అట్లు వచ్చుచున్నది? దుబాయికో సౌదీకో మస్కటుకో పోయిన కొడుకు అక్కడ కన్నుమూయును. కబురు ఫోనులో వచ్చును. కాగితములు, సంతకములు, కంపెనీ అనుమతి, రాయబార కార్యాలయపు ముద్ర ముగిసి పెట్టె శంషాబాదులో దిగుటకు వారములు పట్టును, ఒక్కొక్కప్పుడు నెలలే పట్టును. మూడొద్దులు ఎప్పటినుండి లెక్కించవలెను? కబురు వచ్చిన దినము పొరుగువారు అన్నము తెచ్చిరి. నాలుగు దినములకు వారి పనులకు వారు పోయిరి. పెట్టె వచ్చిన దినమున మరల వచ్చిరి. ఆ నడిమి దినములలో, బొట్టు తీయవలెనో ఉంచవలెనో తెలియక కూర్చున్న ఆ చిన్నదానియొద్ద ఎవరున్నారు? మన ఆచారములలో దానికి లెక్క లేదు. లెక్క లేని దినములలోనే మనిషి మిక్కిలి ఒంటరియగును.

నాలుగవది, ఊరంతయు చావు యిల్లే అయినప్పుడు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు రోడ్డులో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది చుట్టుపట్ల కొన్ని పల్లెలవారే. ఒక్క దినమున ఒక్క ఊరిలో అనేక చితులు లేచినవి. నేడు నీ యింటికి నేను, రేపు నా యింటికి నీవు అను మన చేబదులు లెక్క ఒక యింట చావు, తక్కిన యిండ్లు కుశలము అనుకొని యేర్పడినది. అందరి పొయ్యిలును ఆరిన దినమున అన్నము ప్రక్క ఊరినుండియే రావలెను. ఒక ఊరి బలగము చాలని దినము వచ్చును, ఊర్లకు ఊర్లు బలగము కావలెను అని ఆ సంవత్సరము మన సీమ నేర్చుకొన్నది.

ఇన్ని లోపములు చెప్పినను ఈ చిత్రమునకు నేను కృతజ్ఞుడను. తెర ముందు ఏడ్చుట సులభమే. పక్కింటి విధవరాలిని చూడబోనివాడు కూడ కొమురయ్యకొరకు ఏడ్వగలడు. అయితే ఏడ్చినవారందరు ఊరకయే లేచి పోలేదు. పూర్వపు ఆదిలాబాదులోని నేటి నిర్మల్ జిల్లాలో, భూమి తగాదావలన ఏండ్లతరబడి మాటలు లేని అన్నదమ్ములు ఈ చిత్రము చూచి కలిసిపోయిరని అప్పట్లో పత్రికలలో వచ్చినది. న్యాయస్థానము చేయలేని పనిని ఒక పాట చేసినది. ఆ యిద్దరిని ఎవరును వెలివేసెదమని బెదిరింపలేదు. బ్రదికియుండగనే కలిసికొనిరి గనుక వారు కథలోనివారికంటె ధన్యులు.

ఇప్పుడు మన సంగతి. మనము పిట్టకు పెట్టము, కాని మనకును లెక్కలు కలవు. భూస్థాపన, మూడవ దినపు ప్రార్థన, ఆదరణ కూడిక, నలువదవ దినము. ఆదరణ కూడికకు ఎందరు పాస్టర్లు వచ్చిరి, షామియానా ఎంత పెద్దది, ఏ కూర వండించిరి అని చెప్పుకొనుటయు కలదు. ఆ భోజనమునకు అప్పు చేసిన యిండ్లను మీరెరుగుదురు, నేనెరుగుదును. ఆ కూడికలోనే, విశ్వాసము చాలనందువలన ఇట్లు జరిగినదని చెప్పిన నోళ్లను కూడ మనము వినియున్నాము. పిట్ట ముట్టలేదని వేలు చూపిన పెద్దలకును, ప్రార్థన చాలలేదని వేలు చూపిన మనకును భేదమేమి?

చిత్రము పదకొండవ దినముతో ముగియును. ముగియవలసినదే, కథకు ఒక కొస యుండవలెను గదా. కాని చావు యింటికి పండ్రెండవ దినము కలదు. ఆ దినమున చుట్టములు బస్సు ఎక్కి పోయెదరు. అరువు తెచ్చిన గిన్నెలు ఎవరివి వారికి చేరును. షామియానా విప్పిన గుంటలు వాకిట నిలుచును. అప్పులవాడు గడప యెదుట దగ్గును. ఆ దినము సాయంకాలము ఆ యింటికి పోవు ఒక్క మనిషి మన సంఘములో కలడా? పది మందితో పోనక్కరలేదు, పాటల పుస్తకము తీసికొని పోనక్కరలేదు. వడ్లు కోయు కాలమైతే కొడవలి తీసికొని పోవచ్చును. కాగితములు వ్రాయవలసియున్నచో కలము తీసికొని పోవచ్చును. ఏమియు చేతకానియెడల యోబు స్నేహితులవలె మొదటి ఏడు దినములు చేసినట్లు నేలమీద కూర్చుండి ఊరకుండవచ్చును. ఎనిమిదవ దినమున కూడ నోరు మూసికొనియుండుట ఒక్కటి నేర్చుకొన్నయెడల మనము వారికంటె మేలైనవారమగుదుము.

“మందలిచ్చి వస్త” అని చెప్పి బయలుదేరునప్పుడు, ఏ సీమ అర్థముతో పోవుచున్నామో గడప దాటకముందే మన మనస్సులో చూచుకొందము.